కారు పైకప్పు గుడారం: నేల నుంచి పరుపు దాకా హాయిగా, భద్రంగా అమర్చుకునే విధానం

రూఫ్ టెంట్, అంటే కారు పైకప్పు మీద బిగించి, ఆగిన చోట తెరిచి పడుకునే గుడారం, కొన్న కొత్తలో చాలామంది కంటికి కనిపించే వాటి మీదే డబ్బు పెడతారు. రంగు దీపాల తీగలు, పక్కకు పరిచే పందిరి, మడత బల్ల, కాఫీ సరంజామా ముందుగా ఇంటికి చేరతాయి. అయితే ఈ గుడారంలో నిద్ర చెడగొట్టే ఇబ్బందులు గానీ, ప్రాణం మీదకు తెచ్చే పొరపాట్లు గానీ దాదాపు అన్నీ పడుకున్న మనిషికి కింది వైపు నుంచే వస్తాయని కొన్నేళ్లుగా కుటుంబంతో ఇలా తిరుగుతున్న నాకు గట్టిగా అనిపిస్తోంది. పరుపు, దాని కింద పలక, పలకను పట్టుకున్న నట్లు, నట్లు బిగించిన క్రాస్ బార్లు (పైకప్పు మీద అడ్డంగా వేసే కడ్డీలు), వాటిని మోసే కారు, కారు నిలిచిన నేల: ఈ వరుసలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా పైన ఎంత ఖరీదైన గుడ్డ ఉన్నా ఫలితం ఉండదు. అందుకే ఈ మార్గదర్శిని కింది నుంచి పైకి రాస్తున్నాను. మీరు కూడా ఇదే క్రమంలో మీ గుడారాన్ని ఒకసారి పరిశీలించుకోవాలని నా కోరిక.

బరువు లెక్క కాగితం మీద వేయండి

కారు పైకప్పు మోయగల బరువుకు రెండు లెక్కలు ఉంటాయి. బండి నడుస్తున్నప్పుడు మోయగలిగేది ఒకటి, కదలకుండా నిలిచినప్పుడు మోయగలిగేది మరొకటి. కారుతో పాటు ఇచ్చే పుస్తకంలో సాధారణంగా ఉండేది మొదటిదే. చాలా కార్లకు అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది, కొన్ని చిన్న బండ్లకు అంతకన్నా తక్కువే. నడుస్తున్న బండి మలుపు తిరిగినా, బ్రేకు వేసినా, గుంతలో పడినా పైనున్న బరువు పైకప్పును పక్కలకు లాగుతుంది, కిందికి గుద్దుతుంది కాబట్టి ఈ పరిమితిని అంత తక్కువగా పెడతారు. నిలిచిన బండికి ఆ కుదుపులు ఉండవు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్లవాడు పైన పడుకోగలగడానికి కారణం అదే.

ఈ లెక్కలో గుడారం బరువు ఒక్కటే వేసుకుని తృప్తిపడకూడదు. ఉదాహరణకు మీ కారు పరిమితి 75 కిలోలు, గుడారం 60 కిలోలు, క్రాస్ బార్లు, వాటి కాళ్లు కలిపి 8 కిలోలు అనుకుందాం. ఇంక మిగిలింది 7 కిలోలు. రెండు రగ్గులు, దిండ్లు లోపలే పెట్టి మడిస్తే అది అక్కడికక్కడే సరిపోతుంది. వానలో తడిసిన గుడ్డను ఆరబెట్టకుండా మడిస్తే ఆ నీటి బరువు కూడా పైకప్పు మీదే పడుతుంది. పరిమితికి దగ్గరగా ఉన్నవారు పక్కబట్టలు కారు లోపల పెట్టుకుని ప్రయాణించడమే మంచిది.

పైకప్పు, క్రాస్ బార్లు, గుడారం మూడింటికీ విడివిడి పరిమితులు ఉంటాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువగా ఉన్నదే మీ పరిమితి. పాత జిప్సీ వంటి బండ్లకు పైకప్పు అంచు వెంట వాన కాలువ ఉంటుంది కనుక దాన్ని పట్టుకునే కాళ్లు దొరుకుతాయి. కొత్త బండ్లకు పైన రెయిళ్లు ఉన్నా, వాటిలో కొన్ని కేవలం అందం కోసం అతికించినవే. బరువు మోసే రెయిలా, అలంకారమా అన్నది పుస్తకంలో చూసి తేల్చుకోకుండా ముందుకు వెళ్లవద్దు. గుడ్డ టాపు, విప్పదీసే ఫైబర్ టాపు ఉన్న జీపుల పైకప్పు ఈ బరువుకు పనికిరాదు. వాటికి బండి ఛాసీకో, లోపలి రోల్ కేజ్‌కో (బండి బోల్తా పడినా మనుషులను కాపాడే గొట్టాల చట్రం) బిగించిన ఇనుప చట్రం కావాలి. అటువంటి మార్పు చేసేముందు మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ గుర్తుంచుకోండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడం ఆ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ ముందే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవడం ఉత్తమం.

నట్లు, బోల్టులు, దొంగల భయం

క్రాస్ బార్ల మధ్య దూరం ఎంత ఉండాలో గుడారం తయారీదారు చెబుతాడు. ఆ హద్దుల్లోనే ఉంచండి. బార్లు మరీ దగ్గరగా ఉంటే గుడారం ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మరీ దూరంగా ఉంటే పలక మధ్యలో వంగుతుంది. బిగించేటప్పుడు చేతికి ఎంత బలముంటే అంతా పెట్టకూడదు. గుడారం అడుగున ఉండే అల్యూమినియం కాలువలు మెత్తని లోహంతో చేసినవి, ఎక్కువ బిగిస్తే అంచులు విచ్చుకుంటాయి. ఎంత బలంతో బిగించామో చూపే పాన అయిన టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పిన అంకె దగ్గర ఆపండి. కంపనానికి వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్లనే వాడండి. ఆ వలయం ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది కాబట్టి గుడారం దించిన ప్రతిసారీ కొత్త నట్లు వేయాలి. వాటికయ్యే ఖర్చు చాలా స్వల్పం.

బిగించిన తరువాత తొలి 50 కిలోమీటర్లకు ఒకసారి, ఆ తరువాత ప్రతి దూర ప్రయాణం ఉదయం ఒకసారి నట్లన్నిటినీ పానతో తాకి చూడండి. ఏది వదులైందో కంటితో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. బిగించాక నట్టు మీద నుంచి బోల్టు మీదుగా తెల్ల పెయింటుతో ఒక గీత గీయాలి. గీత విరిగినట్లు కనిపిస్తే నట్టు తిరిగిందన్నమాట. లారీ మెకానిక్‌లు చక్రాల నట్లకు ఇలాంటి గుర్తులే పెట్టడం మీరు చూసే ఉంటారు.

నగరంలో వీధి పక్కన బండి ఉంచేవారికి దొంగతనం భయం సహజమే. మామూలు పానతో నాలుగు నట్లు విప్పితే గుడారం చేతికి వస్తుంది. వైపుకు ఒకటి చొప్పున కనీసం రెండు చోట్ల ప్రత్యేక తాళంచెవితో మాత్రమే తిరిగే నట్లు వేయండి, క్రాస్ బార్ల కాళ్లకు కూడా తాళాలు ఉన్నవే ఎంచుకోండి. బార్లతో సహా ఎత్తుకుపోయే వీలుంటే గుడారానికి వేసిన తాళం వృథా. నెలల తరబడి వాడకపోతే దించి లోపల పెట్టడం అన్నిటికన్నా క్షేమం. దానివల్ల ఇంధనమూ ఆదా అవుతుంది.

ఇంకో మాట. గుడారం బిగించాక నేల నుంచి దాని కొస వరకు టేపుతో కొలిచి, ఆ అంకెను స్టీరింగు ముందు చీటీగా అతికించండి. ఎత్తు 25 నుంచి 35 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మన అపార్టుమెంట్ల సెల్లార్లలో దూలాలు, నీటి పైపులు ఆ మేరకు ఖాళీ వదలవు.

బండి నిలిపే చోటు

వెలుతురు ఉండగానే చోటు చేరుకోవాలి. చీకటి పడ్డాక నేల వాలు గానీ, పైనున్న ఎండు కొమ్మ గానీ తెలియవు. నీడ కోసం చెట్టు కింద ఆపాలనిపించడం సహజమే కానీ ఎండిన కొమ్మలున్న చెట్లకు, కొబ్బరి చెట్లకు దూరంగా ఉండండి. వాగు ఇసుకలో, ఎండిన ఏటి పడకలో ఎన్నడూ ఆపవద్దు. మీరున్న చోట చినుకు లేకపోయినా ఎగువన కురిసిన వాన రాత్రికి రాత్రే కిందికి వస్తుంది.

వాలు సంగతి ఎక్కువమంది తేలికగా తీసుకుంటారు. ఒక చక్రం కింద నాలుగు వేళ్ల పల్లం ఉన్నా రాత్రంతా ఒకరి మీదికి ఒకరు జారుతూ ఉంటారు. తల వైపు కాస్త పల్లమైతే పొద్దున తలనొప్పితో లేస్తారు. తాపీమేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఒకటి కారులో ఉంచుకుని, గుడారం తెరవకముందే దాని అడుగు పలక అంచున రెండు దిశలా పెట్టి చూడండి. పల్లంలో ఉన్న చక్రాల కింద వెడల్పాటి గట్టి చెక్క పలకలు వేసి బండిని వాటి మీదికి ఎక్కించండి. రాళ్లు వద్దు, రాత్రి బరువు కదిలినప్పుడు అవి జారిపోగలవు. పూర్తిగా సమం కాకపోతే తల వైపు కొంచెం ఎత్తుగా ఉండేలా వదిలేయండి. ఆ తరువాత హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాకే గుడారం తెరవాలి.

గాలి దిశ చూసుకోవడం కూడా ఈ దశలోనే. గండికోట దగ్గర పెన్నా లోయ అంచు మీద నేల అంతా రాతిపలక, మామూలు గుడారం మేకులు అందులో దిగవు. అలాంటి చోట రూఫ్ టెంట్ ఎంతో ఉపయోగపడుతుంది గానీ, అడ్డులేని మైదానం మీద వీచే గాలి కూడా దానికే తగులుతుంది. ఒకసారి అక్కడ గాలికి అడ్డంగా బండి పెట్టి, గుడ్డ టపటప కొట్టుకుంటూ ఉంటే పిల్లలతో సహా తెల్లవార్లూ మేలుకుని కూర్చున్నాం. మడత విప్పి పరిచే గుడారమైతే దాని మూసి ఉన్న వెనుక భాగం, గట్టి పెట్టె రకమై ఒకవైపు మాత్రమే లేచేదైతే కీలు ఉన్న పల్లపు వైపు గాలికి ఎదురుగా ఉండాలి. కిటికీల మీది చూరులను పట్టి ఉంచే సన్నని కమ్మీలను తీసివేస్తే సగం చప్పుడు తగ్గుతుంది. బండి ఊగుతున్నట్లు అనిపిస్తే పట్టుదలకు పోకుండా గుడారం మూసి కారు సీట్లలో పడుకోండి. మెరుపులు మొదలైతే మరీ ఆలస్యం చేయకూడదు. గుడ్డ గుడారం పిడుగు నుంచి కాపాడదు. అద్దాలు మూసిన, లోహపు పైకప్పు ఉన్న కారు లోపలి చోటు ఎంతో నయం.

నిచ్చెన ఒక స్తంభం కూడా

మడత విప్పే రకం గుడారంలో పలకలో సగం కారు అంచు దాటి గాలిలోకి చాచుకుని ఉంటుంది. ఆ సగాన్ని మోసేది నిచ్చెనే. అంటే అది ఎక్కడానికి మాత్రమే కాక ఇంటికి స్తంభం లాంటిది. దాన్ని వదులుగా ఆనించినా, రాత్రి భద్రత కోసమని పైకి లాగేసినా పడుకున్నవారి బరువంతా మడత కీళ్ల మీద పడుతుంది. పలక నేలకు సమాంతరంగా ఉండేటట్లు నిచ్చెన పొడవు సరిచేయాలి. పలక 2 మీటర్ల ఎత్తున ఉంటే నిచ్చెన పాదం పైఅంచుకు సూటిగా కింద పడే చోటు నుంచి అర మీటరుకూ 70 సెంటీమీటర్లకూ మధ్య దూరంలో ఉండాలి. సాగే నిచ్చెనైతే ప్రతి మెట్టు తాళం పడిన చప్పుడు విన్నాకే కాలు పెట్టండి. ఇసుకలోనో బురదలోనో అయితే పాదాల కింద ఒక చెక్క వేయండి. మనుషులు ఎక్కాక కారు స్ప్రింగులు కొద్దిగా కుంగుతాయి కనుక అందరూ లోపలికి వెళ్లాక ఒకరు దిగి నిచ్చెన పొడవును, పలక మట్టాన్ని మళ్లీ చూడాలి. ఈ రెండో చూపు నాకు తెలిసినవారిలో ఎవరూ చూడరు, కానీ రాత్రి కిర్రుకిర్రుమనే శబ్దాల్లో సగం అది చూస్తేనే పోతాయి.

గుండ్రని సన్న మెట్లు ఉత్తి పాదాలకు నొప్పి పెడతాయి, మంచు కురిస్తే జారుతాయి. ప్రతి మెట్టుకు ఇసుక కాగితంలా గరుకుగా ఉండే జారని టేపు అతికించండి. మా నాన్నగారు మోకాళ్ల నొప్పితో రాత్రి దిగవలసి వచ్చినప్పుడు కిందనుంచి రెండో మెట్టు మీద కాలు జారింది. దెబ్బ పెద్దది కాకపోయినా, మరునాడే టేపు వేశాను, తలుపు పక్కన చేతికందే ఎత్తులో ఒక గట్టి పట్టీ కట్టాను. ఆ తరువాత పెద్దవారికి కిందనే పడక ఏర్పాటు చేయడం మొదలుపెట్టాను. వయసు మీద పడినవారిని సరదా కోసం ఆ నిచ్చెన ఎక్కమని బలవంతపెట్టకూడదని నా అభిప్రాయం. లోపల మోకాళ్లకు, తలకు తగిలే కమ్మీలకు ఏసీ పైపులకు తొడిగే నల్లని ఫోమ్ గొట్టాన్ని కోసి తొడగండి.

పరుపు, దాని కింద చేరే చెమ్మ

లంబసింగిలో ఒక డిసెంబరు ఉదయం పరుపు ఎత్తి చూస్తే దాని అడుగంతా నీళ్లు చల్లినట్లు తడిగా ఉంది. రాత్రి చినుకు పడలేదు. పైగుడ్డ కారిందనుకుని ఆ నెలంతా కుట్ల మీద జిగురు రాస్తూ గడిపాను. అసలు కారణం మేమే. నిద్రలో ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఇద్దరు మనుషులు రాత్రికి సుమారు అర లీటరు నీటిని ఆవిరిగా వదులుతారు. వెచ్చని ఆ ఆవిరి పరుపులోంచి దిగి, కింద గాలి తగిలి చల్లబడిన అల్యూమినియం పలకను తాకగానే నీరవుతుంది. అది ఆరే దారి లేకపోతే రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది, ఆ వాసన ఎంత ఉతికినా పోదు.

దీనికి మందు పరుపుకీ పలకకీ మధ్య గాలి ఆడే సందు. రూఫ్ టెంట్ల కోసమే అమ్మే, పీచు అల్లికలా బోలుగా ఉండే పట్టా ఒక సెంటీమీటరు మందమున్నా చాలు. నీళ్లు పీల్చుకోని ప్లాస్టిక్ తీగ అల్లిక అయితే మేలు. నేల మీద పరిచే ఫోమ్ పలకలు చలిని ఆపుతాయి కానీ గాలిని కూడా ఆపుతాయి కాబట్టి వాటిని ఒంటరిగా వేయకండి. దూది పరుపు, బొంత ఇంట్లో ఎంత హాయిగా ఉన్నా ఇక్కడికి తేవద్దు, అవి చెమ్మను పీల్చి పట్టుకుంటాయి. రోజూ లేవగానే పరుపును గోడలా నిలబెట్టి, కిటికీలన్నీ తెరిచి అరగంట వదిలేయండి. రాత్రి ఎంత చలిగా ఉన్నా ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల మేర తెరిచే ఉంచాలి. ఒకటి కింది నుంచి, మరొకటి పై నుంచి తెరిస్తే గాలి తనంతట తానే కదులుతుంది. కొద్దిగా చల్లగాలి వచ్చినా పొడిగా ఉన్న రగ్గు వెచ్చగానే ఉంటుంది, తడిసిన రగ్గు ఎంత మందమైనా వణికిస్తుంది.

ఇక మెత్తదనం. గుడారంతో వచ్చే పరుపు సాధారణంగా 5 నుంచి 7 సెంటీమీటర్ల మందం ఉంటుంది. పక్కకు తిరిగి పడుకునేవారికి తుంటి, భుజం పలకకు ఆనుతాయి. దుకాణానికి వెళ్లి మందమైన పరుపు కొనేముందు మూసిన గుడారంలో ఎంత ఖాళీ మిగులుతోందో కొలవండి. బలవంతంగా నొక్కి గొళ్లెం వేస్తే కీళ్లు వంగుతాయి, అంచు రబ్బరు సరిగా కూర్చోక వాన లోపలికి వస్తుంది. మందం పెంచడం కన్నా గట్టిదనం పెంచడం నయం. ఊళ్లో పరుపుల దుకాణంలో 40 డెన్సిటీ ఫోమును మీ కొలతకు కోయించుకుంటే అదే మందంలో తుంటి ఆనకుండా ఉంటుంది. చాలనివారు గాలి తీసి చుట్టగలిగే సన్నని పరుపును పైన వేసుకుని, పొద్దున చుట్టి కారులో పెట్టుకోవచ్చు.

చలి, వేడి

ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ దాటి 4,200 మీటర్లకు పైబడిన పాంగాంగ్ వైపు వెళ్లేవారు మన అరకు చలిని కొలమానంగా పెట్టుకోకూడదు. శరీరం కింద నలిగిన రగ్గులో గాలి ఉండదు కాబట్టి పైన ఎన్ని కప్పుకున్నా కింది నుంచి చలి ఎక్కుతుంది. చలిని ఆపే శక్తిని ఆర్ విలువగా చెప్పే పరుపులు దొరుకుతాయి. సున్నాకు దిగే చోట్లకు అది 4 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత అంకెనే చూడండి. ప్రాణం నిలిచే హద్దుగా రాసే అంకెను చూసి మోసపోవద్దు.

వెచ్చదనం కోసం బొగ్గుల కుంపటి గానీ, గ్యాసు పొయ్యి గానీ, మండే మరే వస్తువు గానీ గుడారంలోకి తీసుకురాకూడదు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారు మేలుకోరు. దోమల చుట్ట కూడా లోపల వద్దు. మరిగిన నీటిని గట్టి మూత ఉన్న స్టీలు సీసాలో పోసి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే తెల్లవారుజాము దాకా వేడి ఉంటుంది.

వేసవిలో ఉదయపు ఎండ తూర్పు నుంచి పడకుండా నీడ ఉన్న చోటు చూసుకోండి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో నాలుగు వాట్ల చిన్న ఫ్యాను రాత్రంతా తిరుగుతుంది. దోమతెరలో చిన్న చిరుగు కనబడినా ఆ రోజే అతుకు వేయండి.

వాన, కుట్లు

పత్తి కలిసిన గుడ్డతో చేసిన గుడారాన్ని తొలి ప్రయాణానికి ముందే ఇంటి దగ్గర తెరిచి, పైపుతో బాగా తడిపి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే దారాలు ఉబ్బి సూది రంధ్రాలు పూడుకుంటాయి. తొలి వానలో కుట్ల వెంట నీరు కారిందని గుడారాన్ని తప్పుపట్టేవారిలో చాలామంది ఈ పని చేయనివారే. పూర్తి పాలిస్టరు గుడ్డకు ఈ గుణం లేదు, దానికి కుట్ల మీద నీరు దిగకుండా ఆపే సీలరు రాయాలి.

రాత్రి జాగ్రత్తలు

పిల్లలను నిచ్చెన వైపు కాకుండా లోపలి వైపు పడుకోబెట్టి, తలుపు జిప్పు కింది భాగం మూసే ఉంచండి. ఆ ఎత్తు నుంచి నిద్రమత్తులో పడితే చిన్న దెబ్బతో పోదు. తలకు కట్టుకునే టార్చి, కారు తాళం ఎప్పుడూ ఒకే జేబులో ఉండాలి. చెప్పులను నిచ్చెన పక్కన సంచిలో వేలాడదీయండి, కింద వదిలితే తేళ్లు దూరవచ్చు. బండి ముందు భాగం బయటికి వెళ్లే దారి వైపు ఉంచి, దారిలో కుర్చీలు, పొయ్యి వదలకుండా సర్దుకుంటే అవసరం పడినప్పుడు త్వరగా కదలగలరు. తినుబండారాలు గుడారంలో ఉంచకుండా కారులో పెట్టి తాళం వేయండి.

ఎత్తున పడుకున్నాం కనుక అడవి జంతువుల భయం లేదనుకోవడం ప్రమాదం. నల్లమలలో తిరిగే ఎలుగుబంటికీ, చిరుతకూ కారు ఎక్కడం కష్టం కాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా రాత్రి గడపడం నేరం కూడా. అమ్రాబాద్ మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను అనుమతించరు కాబట్టి చీకటికి ముందే అడవి దాటేటట్లు ప్రయాణం వేసుకుని, అనుమతి ఉన్న విడిది స్థలంలోనే ఆగండి.

మడిచేటప్పుడు

ముందుగా పరుపు అడుగు, మూలలు, జిప్పుల కింది మడతలు చేత్తో తాకి చూడండి. పొడి గుడ్డతో పలకను తుడవండి. గుడ్డ మడతలు కీళ్ల మధ్య పడకుండా లోపలికి తోస్తూ ఇద్దరు రెండు వైపుల నుంచి మెల్లగా మూయండి. మూతను పైకి లేపే గ్యాసు రాడ్లు ఉన్న రకమైతే చివర్లో మూత ఒక్కసారిగా కిందికి వాలుతుంది కాబట్టి వేళ్లు అంచు మీద ఉంచవద్దు. గొళ్లేలు వేశాక పట్టీలు బిగించి, వాటి కొసలు గాలికి కొట్టుకోకుండా దోపండి. మంచుకో వానకో తడిసిన గుడారాన్ని మడవక తప్పకపోతే, ఇంటికి చేరిన రోజే ఎంత అలసటగా ఉన్నా తిరిగి తెరిచి, పరుపును మేడ మీద ఎండలో వేసి, గుడ్డ కుట్ల దగ్గర కూడా చెమ్మ లేదని చేతికి తెలిసే వరకు ఆరనివ్వండి.